పన్నెండు గంటల నలభై నిమిషాలు

ఆ ఏడు ఆని నెలంతా, అంటే జూన్ నడుమ నుంచి జూలై నడుమ దాకా, నన్ను అందరూ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. తిన్నావా, నిద్ర పట్టిందా, ఇక ఏం చేద్దామని ఉంది, ఇట్లా ఎన్నాళ్లు. అన్నిటిలోకీ జవాబు ఉన్న ప్రశ్న ఒక్కటే. అది అడిగింది మా ఆఫీసు పెద్ద రంగరాజులు గారు.

"మూడు దోవలుండాయి హేమమ్మా. నీకు ఏది సరిపడతాదో నువ్వే చెప్పు," అన్నాడు.

వేలూరులో ఆసుపత్రి కట్టడాలు కట్టించే చిన్న కంపెనీ మాది. ఏ పని ఏ వారం మొదలుకావాలి, ఏ సరుకు ఎప్పటికి రావాలి, ఎవరి పని అయ్యేదాకా ఎవరు ఆగాలి, ఆ పట్టికలన్నీ చూసేది నేను. తొమ్మిదేళ్లుగా అదే పని. ఆర్కాడులో ఒక ఆసుపత్రి కొత్తగా కట్టించుకుంటోంది. ఆ పనికి మేనేజరుగా వచ్చే మనిషి చేతిలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఉండి తీరాలని ఆ ఆసుపత్రివాళ్లు ముందే రాయించుకున్నారు. ఆ పరీక్షకు కూర్చోవాలంటే ముప్పై అయిదు గంటల శిక్షణ తీసుకున్నట్టు రుజువు చూపాలి. ఆ ముప్పై అయిదు గంటలూ ఎట్లా తీసుకుంటావన్నదే ఆయన అడిగింది.

"ఒకటి, ఇక్కడే వేలూరులో, హోటల్ హాల్లో నాలుగు దినాల క్లాసు. పొద్దున పోతే చీకటి పడినాకే ఇంటికి. రెండు, వాద్యారు కంప్యూటర్‌లో కనబడి నేరుగా చెప్పేది, సాయంత్రాలు, ఎనిమిది వారాలు. మూడు, రికార్డు చేసి పెట్టిన పాఠాలు. ఎప్పుడు చూసినా నీ ఇష్టం, చూడకపోయినా నీ ఇష్టం. నన్నడిగితే నాలుగు దినాలదే అంటా. వాయిదా వేసుకునేదానికి సందే ఉండదు."

రంగరాజులు గారిది ఆర్కాడే. వాళ్లింట్లోనూ తెలుగే గనుక నాతో తెలుగులోనే మాట్లాడతాడు. ఉన్నమాట దాచే మనిషి కాదు. నా కాంట్రాక్టు ఆవణి నెలాఖరుతో, అంటే సెప్టెంబరు నడుమకు, ముగుస్తుందనీ, ఆర్కాడు పని దొరికితే ఉంటాననీ, దొరక్కపోతే తను చేయగలిగింది ఏమీ లేదనీ కూడా అప్పుడే చెప్పేశాడు. నేను సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా సరేననేదాన్ని.

మా ఆయన మురుగన్ ఆనికి మూడు నెలల ముందు, పంగునిలో పోయాడు. పొద్దున బండి మీద పనికి బయలుదేరాడు. కే.వి.కుప్పం దాటాక లారీ. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు. చెప్పించుకోవాలని వచ్చినవాళ్లందరికీ ఆ మూడు ముక్కలే చెప్పి పంపాను. నాకు ఏడుపు రాలేదు. పన్ను పీకేముందు డాక్టరు సూది వేస్తే బుగ్గ మనదో పరాయిదో తెలియదు చూడండి, ఒళ్లంతా అట్లా ఉండేది. ఆనికి ముందు నెల వైకాసిలో ఊరంతా గంగమ్మ సిరసు పండగకు పోయింది. మాది మైల ఇల్లు గనుక తలుపు వేసుకుని కూర్చున్నాం. డప్పులు వీధి చివరిదాకా వచ్చి పోయాయి. అవి కూడా నాకేమీ చేయలేదు.

ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్త పొన్నమ్మా. గుడియాత్తంలో మా వీధి నేతవాళ్ల వీధి. మా ఇంట్లోనూ ఒక మగ్గం ఉంది, అత్త దాని మీద లుంగీలు నేసేది. కొడుకు పోవడానికి ముందు వారమే ఒక పడుగు ముగించి గుడ్డ కోసింది. ఆ తర్వాత మగ్గం జోలికి పోలేదు. వేరేవాళ్ల మగ్గాల పనికి మాత్రం పోతుండేది. మా అత్త అచ్చు అతకడంలో పేరున్న మనిషి.

అచ్చు అతకడమంటే ఏమిటో చెప్పాలి. మగ్గం మీద పడుగు, మా వీధి మాటలో పావు, అయిపోవచ్చినప్పుడు దాన్ని పూర్తిగా లాగెయ్యరు. గుడ్డ కోసేసుకుని, అచ్చు, అంటే పోగులు దూర్చే దువ్వెనలాంటి చట్రం, దానిలోనుంచి వచ్చే పోగులను జానెడు తోకలాగా అట్లాగే వదిలిపెడతారు. కొత్త పావు వచ్చాక దాని ఒక్కో పోగునూ పాత తోకలో ఒక్కో పోగుతో కలిపి, వేళ్లకు బూడిద రాసుకుని మెలేసి అతుకుతారు. రెండువేల పైచిలుకు పోగులు. అత్త ఆ పని చేస్తూ ఊళ్లో కబుర్లన్నీ చెబుతుంది, ఒక్క పోగు తప్పదు.

రంగరాజులు గారికి ఇంకా జవాబు చెప్పని ఆ ఆదివారం, అత్త వీధి అవతల తంగమ్మ ఇంటికి అతకడానికి పోతూ నన్నూ లేపింది.

"ఒంటిగా కూర్చుని గోడ చూసేదానికి, వచ్చి నా పక్కన కూర్చుని పోగులు చూడు," అంది.

పోయి కూర్చున్నాను. పెళ్లయి పదేళ్లయినా నేను అంతకుముందు ఆ పని దగ్గరుండి చూసింది లేదు. మా పుట్టిల్లు పొన్నైలో. మా తాత నాడే మగ్గం వదిలి సేద్యంలో పడ్డారు. తంగమ్మ ఇంటి నడవలో వెలుతురు బాగా పడేచోట అత్త కాళ్లు చాపుకుని కూర్చుంది. పాత పోగు, కొత్త పోగు, ఒక మెలి. మళ్లీ పాతది, కొత్తది, మెలి. గంట సేపు చూశాక అడిగాను.

"ఇంత తంటా ఎందుకత్తా? పాతది పీకేసి కొత్తగా దూర్చుకోరాదా?"

"పిచ్చిదానా, మొత్తం కొత్తగా దూర్చాలంటే ఎన్ని దినాలు పడతాదో తెలుసునా? పాతది దోవలోనే ఉండాది కదా. దాన్ని పట్టుకుంటే కొత్తది దానెనకాలే వస్తాది."

తంగమ్మ కాఫీ తెస్తూ నవ్వింది. "మీ కోడలికి నేర్పించేయి పొన్నమ్మా, నువ్వు కన్ను కనబడక కూర్చుంటే నేను ఎవురిని పిలిచేది?"

ఇంకా సగం కూడా కాలేదు, పక్కింటి పిల్ల వచ్చి పొన్నై నుంచి మీ అన్న వచ్చినాడని చెప్పింది. లేచి వచ్చేశాను.

మా అన్న గోకుల్ మంచివాడే. మంచితనం ఎక్కువై అందరి సంగతీ తనే తేల్చాలనుకుంటాడు. పనసపండు ఒకటి మోసుకొచ్చి వాకిట్లో పెట్టి, నా మొహం చూసి, ఇంటి కప్పు చూసి, అత్త వచ్చేదాకా కూర్చున్నాడు. అత్త రాగానే మొదలుపెట్టాడు.

"అత్తా, నేను అడిగేది తప్పుగా తీసుకోవద్దు. హేమకు ఆ పని ఉండేదాకా సరే. ఆవణి ముగిసినాక పని లేదంటా ఉండారు. పని లేకుండా ఇక్కడ ఏం చేస్తాది? నేను వచ్చి తీసుకొని పోతా. మా ఇంట్లో అది భారమా?"

"నీ చెల్లెలప్పా. తీసుకొని పో. ఆపేదానికి నేనెవురు?" అంది అత్త.

"నువ్వు కూడా మీ తమ్ముడింటికి..."

"నాకు మగ్గం ఉండాది. నా మాట విడువు."

అన్న నావైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

అత్తను వదిలి పోనని నాకు బాగా తెలుసు. పదేళ్లలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదని కాదు, బోలెడన్ని అంది. అయినా ఆ ఇంట్లో మురుగన్ గురించి మాట్లాడకుండానే ఇద్దరం ఒకచోట కూర్చోగలం. పొన్నైలో అయితే రోజూ ఎవరో ఒకరు వచ్చి జాలిపడిపోతారు. అది చెబుదామనుకుంటే నోరు కదల్లేదు. అన్న పనసపండు కోసి, తొనలు తీసిచ్చి, నాలుగు గంటల బస్సుకు పోయాడు.

అతను పోయాక మురుగన్ కంప్యూటర్ తీశాను. ఆయన పోయాక దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. ఆయన రాణిపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇదే సర్టిఫికెట్ కోసం పోయిన కార్తీక మాసంలో తనే రికార్డు పాఠాలు కొనుక్కున్నాడు. "ముందు నేను రాసి ఎట్టుంటాదో చూస్తా, ఆమీద నువ్వు రాద్దువులే," అనేవాడు. నన్ను ముందు రాయనిస్తే నేను పాసయి తను తప్పుతానేమోనని భయమని నేను ఏడిపించేదాన్ని.

పాఠాల పేజీ తెరుచుకుంది. పైన పెద్ద అక్షరాలతో, వెల్‌కమ్ బ్యాక్, మురుగన్. కింద ఒక నీలం గీత మూడోవంతు కన్నా కాస్త ఎక్కువ నిండి ఉంది. చూసినవి పన్నెండు గంటల నలభై నిమిషాలు. మిగిలినవి ఇరవై రెండు గంటల ఇరవై. ఆగిన పాఠం మధ్యలోనే ఆగి ఉంది, వాద్యారు నోరు తెరిచి చెయ్యెత్తి నిలబడిపోయాడు. పంగుని నుంచి ఆయన అట్లాగే నిలబడి ఉన్నాడన్నమాట.

పాతది దోవలోనే ఉంది కదా అనిపించింది. నొక్కాను. వాద్యారు చెయ్యి దించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

మరుసటి రోజు రంగరాజులు గారికి మూడో దోవ అని చెప్పాను. పాఠాలు ఇంట్లోనే ఉన్నాయి, కంపెనీ ఏమీ కట్టనక్కర్లేదు అన్నాను.

"రికార్డు పాఠాలు మొదలుపెట్టినోళ్లను శానామందిని చూసినా. ముగించినోళ్లను చూపించు," అన్నాడు ఆయన. "మన పార్థిబన్‌ను చూడు, సాయంత్రం క్లాసుల్లో చేరినాడు. కెమెరా ఆపేసి చంటిబిడ్డను ఊపుకుంటా వింటాడంట. అట్లయినా ఎవురో ఒకరు ఎదురుగా ఉండారు వాడికి. నీకు ఎవురుండారు?"

"ఉండారులెండి," అన్నాను.

ఆయన, ఆవణిలో కూడా నాలుగు దినాల క్లాసు ఒకటి ఉందనీ, మనసు మారితే చెప్పమనీ అన్నాడు. ఆ క్లాసు తేదీలు ఒక చీటీ మీద రాసి నా బల్ల మీద పెట్టాడు. చీటీని నా సంచిలోని పెన్నుల డబ్బీలో పడేశాను.

ఆని పోయి వచ్చిన ఆడి నెలంతా ఆ పాఠాలతో గడిచింది. పొద్దున అయిదింటికి లేచి, బస్సు వేళదాకా చూసేదాన్ని. అత్త పక్కన కాఫీ పెట్టి, తెరమీది మనిషిని ఒకసారి చూసి పోయేది. "వీడు రోజూ అదే చొక్కా వేసుకుంటాడే, ఇంట్లో ఉతికేవాళ్లు లేరా?" అని ఒకసారి అడిగింది. ఒకేరోజు అన్నీ రికార్డు చేసుంటారని చెప్పాను. "పాపం, ఎంత అలిసిపోయుంటాడో," అంది.

మురుగన్ చూసేసిన మొదటి పన్నెండు గంటలనూ నేను మళ్లీ తెరవలేదు. వాటికి ఆయన నోటుబుక్కు ఉంది. గీతల బుక్కు, నీలం ఇంకు. ఆయనకు తెలుగు అక్షరాలు రావు. పొన్నైలో తెలుగు బడి ఉండబట్టి నాకు వచ్చింది, ఆయనకు ఆ అవకాశం లేదు. అందుకని పాఠం ఇంగ్లీషులోనూ, తన మాటలు తెలుగులోనే అరవ అక్షరాలతోనూ రాసుకున్నాడు. ప్రమాదాలను ముందే ఊహించి రాసి పెట్టుకోవడం గురించిన పేజీలో, పక్కన ఖాళీలో ఒక ముక్క ఉంది: వానాకాలంలో స్లాబు సంగతి, ఇది హేమకు చెప్పాల.

నాకు చెప్పలేదు. చెప్పేంత పెద్ద సంగతీ కాదు, స్లాబు వేసే వారంలో వాన పడితే ఏం చేయాలో తొమ్మిదేళ్లుగా నేనే ఆఫీసులో చెబుతున్నాను. ఆ ముక్క నాలుగైదుసార్లు చదివాను. ఏమైనా అనిపిస్తుందేమోనని కాచుకుని కూర్చున్నాను కూడా. ఏమీ అనిపించలేదు. బస్సుకు వేళయిందని లేచాను.

రోజూ తెర తెరవగానే వెల్‌కమ్ బ్యాక్, మురుగన్ అని వచ్చేది. ఆ మాట నాకు నచ్చేది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు, కొన్ని రోజులు పాఠం కోసం కాక ఆ మాట కోసమే తెరిచాను. బతికున్నట్టు ఆయన్ను పలకరించేది ఊళ్లో అదొక్కటే. మిగతావాళ్లందరూ పాపం మురుగన్ అనేవాళ్లు. నీలం గీత రోజుకు వెంట్రుకవాసి జరిగేది. ఆయన ఆపిన పని ఆగిపోలేదని ఆ గీతను చూసి అనుకునేదాన్ని.

ఆడి చివరి ఆదివారం పొద్దున గీత పూర్తిగా నిండింది. తెర మీద రంగురంగుల కాగితం ముక్కలు రాలాయి. అభినందనలు, మీ సర్టిఫికెట్ సిద్ధం అని వచ్చింది. నొక్కాను.

ముప్పై అయిదు గంటల శిక్షణ పూర్తి చేసినవారు, మురుగన్.

నేను బుద్ధిలేనిదాన్ని కాను. కంపెనీలో ఎవరి పేరు ఏ కాగితం మీద ఉండాలో చూసే ఉద్యోగం నాది. ఒక బిల్లులో పేరులో ఒక్క అక్షరం తప్పయితే వెనక్కి పంపేదాన్ని. అట్లాంటిది, నెలన్నర పాటు రోజూ పొద్దున ఆ పేరు కళ్లెదుట కనబడుతూ ఉంటే, చివరికి వచ్చే కాగితం మీద కూడా అదే పేరు ఉంటుందని నాకు తట్టనే లేదు.

పాఠాలు అమ్మినవాళ్ల సహాయం నంబరుకు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి చాలా హుషారుగా మాట్లాడింది.

"అది చాలా సింపుల్ మేడమ్. ప్రొఫైల్‌లో పేరు మార్చి సేవ్ చేయండి. సర్టిఫికెట్ మళ్లీ కొత్త పేరుతో వచ్చేస్తుంది. ఒక్క నిమిషం పని."

"మరి పాత పేరు?"

"అది పోతుంది మేడమ్. ఒకటే పేరు ఉంటుంది."

థాంక్స్ చెప్పి పెట్టేశాను. పేరు ఉన్న గడిలోకి పోయి చెరిపేశాను. గడి ఖాళీ అయింది. హేమ అని కొట్టాను. అక్కడ చెయ్యి ఆగింది. ఆవణి ముగియడానికి నెల ఉంది. ఈ కాగితం ఇప్పుడే ఉంటే దరఖాస్తు ఈ రోజే పోతుంది, ఆర్కాడు పని దొరుకుతుంది, అన్న రానక్కర్లేదు, అత్త ఒంటరిగా మిగలదు. అన్నీ తెలుసు. కానీ నేను కూర్చుని వినని పన్నెండు గంటల నలభై నిమిషాలు ఆ కాగితంలో ఉన్నాయి. వాటి మీద నా పేరు ఎట్లా వేసుకునేది? ఆయన పేరు చెరిపేసి మరీ? ఆ రెండిటిలో ఏది నా చెయ్యి పట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. సేవ్ చేయకుండా మూసేశాను. మళ్లీ తెరిచి చూస్తే మురుగన్ అని ఉంది. బజారుకు పోయి జిరాక్సు షాపులో ఆ కాగితాన్ని అచ్చు తీయించుకుని వచ్చాను.

అత్త వాకిట్లో గోరుచిక్కుడు కాయలు గిల్లుతోంది. జరిగింది మొత్తం చెప్పాను. "ఆయన ఆగిన చోట పట్టుకొని అతికినానత్తా. నువ్వు చెప్పినావు కదా, పాతదాన్ని పట్టుకుంటే కొత్తది వస్తాదని. కాగితం ఆయన పేరుతో వచ్చేసింది."

అత్త చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"వాని పేరు యాడ ఉండాది?"

చూపించాను. ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. తర్వాత నావైపు చూసింది.

"ఆ దినం తంగమ్మింట్లో అతికేది చూసినావు. అతికినాక చేసేది చూడలా. గోకులు వచ్చినాడని మధ్యలో లేచి పోయినావు."

"అతికినాక ఏం చేస్తారు?"

"మెల్లంగా ఈడుస్తాం. ముడులన్నీ ఒక్కొక్కటే అచ్చు దాటి ఇవతలికి వస్తాయి. అన్నీ వచ్చినాక, పాత తోకను ముడులతోసహా కోసేస్తాం. అది గుడ్డలోకి రాదమ్మా. కొత్తది దోవ పట్టినాక దాని పని అయిపోయింది."

ఆమె కాగితం పట్టుకుని లోపలికి పోయింది. మురుగన్ ఫోటో చట్రం వెనక దాన్ని మడిచి దోపింది.

"ఇది వాడిది. వాడికాడనే ఉండనీ. నువ్వు నీది తెచ్చుకో," అని వచ్చి మళ్లీ గోరుచిక్కుడు కాయల ముందు కూర్చుంది.

రంగరాజులు గారి చీటీ డబ్బీలోనే ఉంది. క్లాసు గురువారం. నేను ఫోన్ చేసి నాలుగు దినాల క్లాసుకే పోతానంటే, ఎందుకని ఆయన అడగలేదు. "పొద్దున తొమ్మిదిన్నరకు పోవాల. మొదటి బస్సు పట్టుకో," అన్నాడంతే.

హోటల్ హాల్లో చలి ఎక్కువ. పదిహేడుమంది ఉన్నాం. నాలుగు దినాల్లో ఈ మనిషి ఏం నేర్పిస్తాడులే అన్నట్టు అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. సుందరం అని, నెరిసిన గడ్డం వాద్యారు. రోజూ వేరే చొక్కా వేసుకొస్తాడని తర్వాత అత్తకు చెప్పాను. చేతిలో కాగితం పట్టుకుని పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. నాది ఏడోది.

"హేమమాలిని."

నాకు వెంటనే పలకడం రాలేదు. నెలన్నరగా పాఠం మొదలవగానే కనబడే పేరు అది కాదు. ఆయన తలెత్తి హాలంతా చూసి మళ్లీ పిలిచాడు. "హేమమాలిని వచ్చారా?"

"వచ్చాను," అన్నాను. గొంతు కొంచెం గట్టిగా వచ్చినట్టుంది, పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు.

నాలుగు దినాలూ కూర్చున్నాను. మొదటి దినం చెప్పిందంతా మురుగన్ నోటుబుక్కులో చదివిందే, అయినా మళ్లీ రాసుకున్నాను. ప్రమాదాల పాఠం దగ్గర వాద్యారు, మీ పనిలో ఎదురయ్యే ఒక ప్రమాదం చెప్పండి అని ఒక్కొక్కరినీ అడిగాడు. నా వంతు వచ్చినప్పుడు వానాకాలంలో స్లాబు సంగతి చెప్పాను. బాగా చెప్పానన్నాడు.

దరఖాస్తు పోయింది, ఒప్పుకున్నారు. ఆవణి మూడో వారంలో చెన్నైకి పోయి పరీక్ష రాశాను. పాసయ్యాను. అంతా మూడు ముక్కల్లో చెబుతున్నానంటే గొప్ప కోసం కాదు. అప్పుడు కూడా నాకు అంతే అనిపించింది. తెర మీద పాస్ అని వస్తే, సరే బస్సు ఎన్నింటికి అనుకున్నాను. రంగరాజులు గారు మాత్రం ఆఫీసులో అందరికీ లడ్లు పంచి, ఆర్కాడు కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టాడు.

ఆవణి చివరి ఆదివారం అన్న టెంపో మాట్లాడుకుని వచ్చేశాడు. ఫోన్‌లో విషయం చెప్పాను కానీ, అన్న వినేది సగమే. వాకిట్లో టెంపో ఆపించి, పెట్టెలు యాడ అన్నాడు.

అత్త మగ్గం దగ్గరనుంచే కేకేసింది. "ఆర్కాడులో పెద్దపని దొరికింది దానికి. పొద్దున బస్సుకు పోయి సాయంత్రానికి వస్తాది. ఇంత దూరం వచ్చిన టెంపో ఖాళీగా పోతాదే అని బాధగా ఉంటే, వాకిట్లో ఆ పాత గాబు ఉండాది, ఎక్కించుకొని పో నాయనా."

అన్న నన్ను చూశాడు. ఈసారి నోరు కదిలింది. "నేను ఇక్కడే ఉంటానన్నా," అన్నాను. నవ్వి, కాఫీ తాగి పోయాడు. గాబు కూడా ఎక్కించుకునే పోయాడు, పొన్నైలో గొడ్లకు పనికొస్తుందని.

లోపలికి పోతే అత్త మా మగ్గానికి కొత్త పావు అతికి ఉంచింది. ముందు వారమే షావుకారు దగ్గరికి పోయి తెచ్చింది. నేను ఆఫీసుకు పోయిన వేళల్లో రెండు దినాలుగా అతికింది. నాకు ఒక్క మాట చెప్పలేదు. పంగుని నెలలో గుడ్డ కోసినప్పుడు మిగిల్చిన తోక అది. ఆ గుడ్డ నేస్తున్నప్పుడు ఈ గది అవతలే మురుగన్ చెవుల్లో వైర్లు పెట్టుకుని పాఠం వింటుండేవాడు. మగ్గం చప్పుడుకు వినబడటం లేదమ్మా అని కసిరేవాడు.

"పట్టుకో," అంది అత్త.

ఇద్దరం చెరోపక్కా పట్టుకుని మెల్లగా ఈడ్చాం. ముడులు ఒక వరసలో అచ్చు దాటి వచ్చాయి, ఒక్కటి కూడా తెగలేదు. అత్త కొత్త పోగులను చిన్న చిన్న జుట్లుగా తీసి బద్దకు కట్టుకుంది. కత్తెర నా చేతికిచ్చింది.

"నువ్వే కోయి."

కోశాను. జానెడు తోక, ముడులతోసహా, నా చేతిలోకి ఊడి వచ్చింది. ఎర్రటి, నల్లటి పాత పోగులు, కొసలకు అత్త వేళ్ల బూడిద. దాన్ని ఏం చేయాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

"ఆ గంపలో వేసెయ్యి," అంది అత్త, నావైపు చూడకుండా.

వేశాను. అప్పుడు ఏడుపొచ్చింది. పంగుని నుంచి దాగి ఉన్నదంతా ఒక్కసారిగా వచ్చింది. గంప పక్కనే కూలబడిపోయాను. అత్త నన్ను ఊరుకోమనలేదు. మగ్గం గుంటలోకి దిగి, కాళ్లు సర్దుకుని, పోగు చుట్టిన నాడె అందుకుని నేయడం మొదలుపెట్టింది.